నిష్పాక్షిక నాలుక

చాక్లెట్టు తియ్యగా ఉండటం వల్ల మన జిల్లాల్లో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. పిల్లలు తిన్నారు, పిల్లలకి తెలియకుండా పెద్దలూ తిన్నారు, అక్కడితో సరి. కానీ ఏలూరులోని కోకో రుచుల ప్రోత్సాహక మండలికి కొత్తగా వచ్చిన డైరెక్టర్ పరంజ్యోతి గారికి అది మింగుడు పడలేదు. ఆయన చేరిన నెలకే శిక్షణ పేరుతో విదేశం వెళ్ళి, అక్కడ ఉల్లిపాయ వేసిన చాక్లెట్టు తిని వచ్చారు. తిన్నప్పుడు ఏమనిపించిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. విమానం దిగీ దిగగానే సిబ్బందిని పిలిచి, "తీపి అనేది కాలం చెల్లిన దృక్పథం. ఉప్పు, కారం, పులుపు అనే మూడు స్తంభాల మీద మన భవిష్యత్ కార్యాచరణ నిలబడాలి" అని మాత్రం అన్నారు.

ఇంకేముంది, కొబ్బరితోటల నీడన కోకో పండించుకుంటూ తమ మానాన తాము బతుకుతున్న వాళ్ళ మీద పిడుగు పడింది. మూడు నెలలు తిరిగేసరికి గోంగూర చాక్లెట్టు, ఉలవచారు చాక్లెట్టు, ఇంగువ చాక్లెట్టు అట్టపెట్టెల్లో మండలి గుమ్మం ఎక్కాయి. మండలి ముద్ర పడితేనే విశాఖలో జరిగే మేళాలో దుకాణం పెట్టుకోనిస్తారట. ముద్ర వెయ్యాలంటే ఎవరో ఒకరు తిని చూడాలి కదా!

మొదట్లో ఆ తినడం కూడా ఫైలు నడిచినట్టే నడిచింది. మండలిలో ఏ కాగితమైనా కింది బల్ల నుంచి పై బల్లకి వెళ్ళాల్సిందే. చాక్లెట్టుకి ఇన్‌వర్డు నంబరు వేసి పళ్ళెంలో పెట్టి పంపారు. జూనియర్ అసిస్టెంటు ఓ మూల విరుచుకుని పొట్టి సంతకం పెట్టాడు. ఆ పై ఆయన ఇంకో మూల విరుచుకున్నాడు. పదకొండు బల్లలు దాటి డైరెక్టర్ గారి గదికి చేరేసరికి పళ్ళెంలో పదకొండు సంతకాల కాగితమూ, ఖాళీ రేకూ మిగిలాయి. ఆయన దాని మీద "చూడటమైనది" అని రాశారు. అలా నలభై చాక్లెట్లు చూశాక గానీ, ఇందులో ఏదో లోపం ఉందని ఆయనకు తట్టలేదు. అప్పుడు ముగ్గురితో రుచి పరిశీలన సంఘం వేశారు.

సంఘంలో మొదటి పేరు సూపరింటెండెంట్ భీమేశ్వరరావుది. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు, సీనియారిటీ జాబితాలో ఒకటో నంబరు. అంతకు మించిన అర్హత మండలికి అక్కర్లేదు. పాపం, భీమేశ్వరరావు ఒక సంగతి దాచాడు. ఆయనకి రుచి తెలియదు.

రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరంలో పోయింది ఆ రుచి. "వస్తుంది లెండి, ఎప్పుడని చెప్పలేం" అన్నాడు డాక్టరు. భీమేశ్వరరావు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే అనారోగ్యం కింద రాసేస్తారు, రాసేస్తే చింతపల్లి గోదాముకి తోసేస్తారు. మండలికి పనికిరాడనుకున్న ప్రతివాడినీ కొండల మీదున్న ఆ గోదాముకే పంపేవారు. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది, భార్య సత్యవేణికి మోకాళ్ళ నొప్పులు, ఏలూరు కదిలే వీల్లేదు. ఇంట్లోనూ చెప్పలేదాయన. సత్యవేణి వంట అంటే ఆ వీధి వీధంతా చెప్పుకుంటుంది. చెబితే ఆవిడ బెంగపెట్టుకుంటుందని, ఏది వడ్డించినా "బావుంది" అనేవాడు. అనుమానం వచ్చి ఆవిడ ఓ రోజు పులుసులో చింతపండు వెయ్యలేదు. ఆ రోజూ "బావుంది" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆవిడ ఎలా ఉందని అడగడమే మానేసింది. అది మాత్రం ఆయనకి లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మొదటి పరిశీలన రోజున గదిలో కెమెరా కూడా పెట్టి, చాక్లెట్లు తెచ్చినవాళ్ళకి బయట తెర మీద చూపించారు. టైపు సెక్షన్ వనజాక్షి గోంగూర చాక్లెట్టు నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది, కాసేపు తెరవలేదు. సీనియర్ అసిస్టెంట్ రామభద్రం ఉలవచారు చాక్లెట్టు తిని చిన్నగా నవ్వాడు. అత్తవారిల్లు గుర్తొచ్చిందట. భీమేశ్వరరావు పద్నాలుగు రకాలూ వరసగా తిన్నాడు. ఆయనకి తెలిసిందల్లా కొన్ని మెత్తగా ఉన్నాయి, కొన్ని గట్టిగా ఉన్నాయి అన్నదే.

వారం తిరక్కుండా ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. "సదరు అధికారిణి మొహం చిట్లించి మా ఉత్పత్తిని కించపరిచారు" అని గోంగూర వాళ్ళు. "ఉలవచారు తిని నవ్వినాయన మా ఇంగువకి ఎందుకు నవ్వలేదు? ఇందులో ఏదో లాలూచీ ఉంది" అని ఇంగువ వాళ్ళు. విచారణ జరిగింది. డైరెక్టర్ గారు వీడియోని మూడుసార్లు వేయించుకుని చూశారు. మూడోసారి చెయ్యెత్తి ఆపించారు.

"ఆపండి! ఆ మొహం చూడండి. సంతోషం లేదు, బాధ లేదు, ఇష్టం లేదు, అయిష్టం లేదు. ప్రభుత్వోద్యోగి మొహం అంటే అదీ!"

తెర మీదున్నది భీమేశ్వరరావు మొహం.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. రుచి చూసే అధికారులు రుచికి సంబంధించిన ఎలాంటి భావాన్నీ కనబరచరాదు. బావుందో లేదో చెప్పకుండా మార్కులు ఎలా వెయ్యాలని వనజాక్షి అడిగింది.

"మార్కులకీ రుచికీ ఏమిటమ్మా సంబంధం?" అన్నారు డైరెక్టర్ గారు ఆశ్చర్యంగా. "కొలవదగిన అంశాలు బోలెడున్నాయి. పొడవు, వెడల్పు, గళ్ళ సంఖ్య, విరిచినప్పుడు వచ్చే శబ్దం, జతపరిచిన ధ్రువపత్రాలు. వీటిల్లో ఏదైనా నాలుకతో కొలుస్తారా మీరు?"

అలా కొలవగా మొదటి ముద్ర ఇంగువ చాక్లెట్టుకి దక్కింది. దాన్ని తిన్నవాళ్ళు ఎవరూ రెండోసారి ఆ ఊసెత్తలేదు గానీ, గళ్ళు మాత్రం అచ్చు గీత గీసినట్టున్నాయి, పైగా ధ్రువపత్రాలు తొమ్మిది. కామవరపుకోట దగ్గర్నుంచి కొప్పిశెట్టి మంగతాయారు అనే రైతు తెచ్చిన నువ్వుల కారప్పొడి చాక్లెట్టు వెనక్కొచ్చింది. ఆవిడ చేత్తో పోసి చేస్తుంది, గళ్ళు ఒకలా లేవు.

"గళ్ళు తింటారేంటండి ఎవరైనా?" అంది ఆవిడ కిటికీ దగ్గర నిలబడి.

"ప్రమాణాలు పాటించాలమ్మా" అన్నాడు రామభద్రం.

"ఆయ్, పాటిత్తాను లెండి. మళ్ళీ వత్తాను" అని చెంగు దులుపుకుని వెళ్ళింది. ఈ మేళాలో దుకాణం దొరక్కపోతే, రెండేళ్ళుగా కాల్చి, దంచి, పోసి, పారేసి, మళ్ళీ పోసి కుదిర్చిన ఆ చాక్లెట్టు పొలిమేర దాటదని ఆవిడకి తెలుసు.

ఇక్కడితో ఆగితే అది మండలి ఎందుకవుతుంది? భావం కనబడకుండా దాచుకోవచ్చు, కానీ లోపల కలుగుతుంది కదా అని ఎవరో పిటిషన్ పెట్టారు. లోపల ఇష్టపడి పైకి మామూలుగా ఉండి ఎక్కువ మార్కులు వేస్తే? డైరెక్టర్ గారు రెండు రోజులు గది తలుపు వేసుకుని ఆలోచించారు. రెండో ఉత్తర్వు వచ్చింది. రుచి తెలియడమే పక్షపాతానికి మూలకారణం కావున, ఇకపై రుచి పరిశీలకులు రుచి తెలియనివారై ఉండవలెను. అందుకు వైద్యుని ధ్రువపత్రం దాఖలు చేయవలెను.

ఆఫీసు ఆఫీసంతా ఆసుపత్రి ముందు వరస కట్టింది. సంఘంలో ఉంటే ఆఫీసు జీపులో ఊళ్ళు తిరగొచ్చు, శాలువాలు కప్పించుకోవచ్చు మరి! రామభద్రం పొగలు కక్కే టీ గుక్కెడు ఒక్కసారిగా మింగి నాలుక కాల్చుకుని వెళ్ళాడు. "ఇది నాలుగు రోజుల్లో మానిపోతుందండీ, శాశ్వతంగా పోయినట్టు రాయలేను" అన్నాడు డాక్టరు. రుచిని మరిచిపోయేందుకు సిబ్బందికి మూడు రోజుల శిక్షణ కూడా పెట్టారు. శిక్షణలో భాగంగా క్యాంటీన్‌లో ఉప్పూ కారం లేకుండా వండించారు. మూడో రోజు సాయంత్రం దాకా తేడా ఎవరూ కనిపెట్టలేదు. ఆ ఆధారంతో రామభద్రంతో సహా అందరూ డాక్టరు చేత 'రుచి తెలియదు, తాత్కాలికం' అని పత్రాలు రాయించుకున్నారు.

భీమేశ్వరరావు మాత్రం డాక్టరు ముందు కూర్చుని, రెండేళ్ళలో మొట్టమొదటిసారి నిజం చెప్పాడు. "నాకు ఏ రుచీ తెలియదండీ." డాక్టరు ఉప్పు, పంచదార, కాకరకాయ రసం అన్నీ వేసి చూసి, "అబ్బ, నూటికి నూరుపాళ్ళు లేదండీ" అంటూ మెచ్చుకోలుగా రాసిచ్చాడు. వారంలో ఆయన ముఖ్య రుచి పరిశీలకుడు అయ్యాడు. దండ వేశారు, శాలువా కప్పారు. "రుచి అనే బలహీనతని జయించిన మహామనీషి" అన్నారు డైరెక్టర్ గారు మైకులో. ఊళ్ళో కేబుల్ టీవీ వాళ్ళు అదంతా చూపించారు.

ఇంటికొచ్చేసరికి సత్యవేణి టీవీ ముందే కూర్చుని ఉంది.

"రెండేళ్ళా?" అంది.

ఆయన చెప్పులు విప్పుతూ తల వంచుకున్నాడు.

"చింతపండు లేని పులుసు పోస్తే బావుందన్నారు. కూరలో ఉప్పు మానేస్తే బావుందన్నారు. నా మీద మనసే లేదు కాబోలు, ఏది పెడితేనేంలే అనుకుంటున్నారని నేను ఏడవని రోజు లేదు. ఊరికంతా టీవీలో చెప్పారు, నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"నువ్వు బాధపడతావని..."

"ఇప్పుడేం చేస్తున్నానట?" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర పక్కన కూర్చుని, ఏ కూర ఏమిటో, అందులో ఏం వేసిందో, ఎలా ఉండాలో అన్నీ వివరంగా చెబుతూ తినిపించింది. భీమేశ్వరరావుకి రెండేళ్ళుగా తిన్న తిండిలో అదే బాగా ఒంటబట్టింది.

మరి నాలుకకి ఉత్తర్వులు చదవడం రాదు కదా! అది దాని ఇష్టం వచ్చిన రోజున తిరిగొచ్చింది. ఓ ఆదివారం పొద్దున పెసరట్టు తుంచి అల్లం పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకున్న భీమేశ్వరరావు నమలడం ఆపేశాడు. మళ్ళీ నమిలాడు. "సత్యవేణీ," అన్నాడు, "పచ్చట్లో ఉప్పెక్కువైంది."

సత్యవేణి అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏవన్నారూ?"

"ఉప్పెక్కువైందే. అల్లం ఘాటు కూడా తగులుతోంది."

"ఇంకోసారి అనండి."

"ఉప్పు ఎక్కువైంది."

ఆవిడ అట్లకాడ పక్కన పెట్టి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. పెళ్ళైన ముప్ఫై ఏళ్ళలో వంటకి వంక పెట్టించుకుని ఇంత ఆనందపడ్డ రోజు లేదు. రెండో అట్టు వేస్తూ ఉండగా ఆవిడకే ముందు తట్టింది. "ఆఫీసులో ఎవరితోనూ అనకండి. చింతపల్లికి పంపించేస్తారు."

రుచి లేదని దాచిన మనిషి ఇప్పుడు రుచి ఉందని దాచాలి. నెల రోజులు బాగానే దాచాడు. కానీ మెయిన్ బజారులో మిరపకాయ బజ్జీల బండి దగ్గర, "ఉల్లిపాయ ముక్కలు ఇంకాస్త వెయ్యి, నిమ్మకాయ గట్టిగా పిండు" అంటుండగా రామభద్రం కంటపడ్డాడు. నాలుక కాల్చుకున్నా పదవి దక్కని ఆ మనిషి మర్నాడు పదిన్నరకల్లా పిటిషన్ పెట్టాడు. ముఖ్య రుచి పరిశీలకుడికి రుచి వచ్చినట్టు అనుమానం.

డైరెక్టర్ గారు చలించిపోయారు. "ఇది వ్యక్తి సమస్య కాదు, వ్యవస్థ మీద నమ్మకానికి సంబంధించింది" అంటూ, మేళాకి ముందు జరిగే చివరి పరిశీలనని బహిరంగంగా పెట్టించారు. మూడు కెమెరాలు, ఆయన మొహం గమనించడానికి వేరే అధికారులు, ఎదురుగా చాక్లెట్లు తెచ్చిన వాళ్ళంతా. నియమం ఒక్కటే. భీమేశ్వరరావు మొహంలో ఏ మార్పు కనబడినా పదవి పోతుంది, బదిలీ ఉత్తర్వు అక్కడికక్కడే చేతికొస్తుంది. ఆ ఉత్తర్వు ముందే టైపు చేయించి ఫైల్లో పెట్టుకున్నారు కూడా.

ఏమీ తెలియని నాలుకతో పద్నాలుగు రకాలు తినడం వేరు, అన్నీ తెలిసిన నాలుకతో తినడం వేరు. మొదట కాకరకాయ చాక్లెట్టు వచ్చింది. భీమేశ్వరరావు నమిలాడు, మింగాడు. కెమెరా దగ్గరికి జరిగింది. మొహం చెక్కు చెదరలేదు. తర్వాత ఇంగువ. కళ్ళలోంచి నీళ్ళు తన్నుకొస్తున్నా ఆపేశాడు. తర్వాత ఎండుచేప, ఆపైన వేప్పువ్వు, ఆపైన గోంగూరా ఇంగువా కలిపినది. రామభద్రం మెడ చాచి చూస్తున్నాడు. భీమేశ్వరరావుకి అదేమంత కష్టం కాలేదు, నిజం చెప్పొద్దూ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన నచ్చనివన్నీ మొహం మారకుండా మింగుతూ వచ్చాడు. తన కింద పనిచేసినవాడు పై ఆఫీసరుగా వస్తే స్వాగతం పలికాడు. చెయ్యని తప్పుకి సంజాయిషీ రాశాడు. వీడ్కోలు సభల్లో డైరెక్టర్లు చదివే సొంత కవిత్వానికి చప్పట్లు కొట్టాడు. వాటి ముందు వేప్పువ్వు ఒక లెక్కా?

"అద్భుతం!" అన్నారు డైరెక్టర్ గారు. ఫైల్లోని ఉత్తర్వు వైపు చూసి కాస్త నిరాశగానే అన్నారేమో. "ఆఖరి నమూనా ఇవ్వండి."

ఆఖరి నమూనా మంగతాయారుది. మూడోసారి వచ్చింది ఆవిడ. గళ్ళ కోసం ఈసారి కొత్త అచ్చు చేయించింది, అయినా ఓ పక్క వంకరగానే వచ్చాయి. పళ్ళెం ఆవిడే అందించింది. "తినండి బాబూ. ఉట్టినే మింగేయకండి, నోట్లో ఉంచుకోండి" అంది మెల్లగా.

భీమేశ్వరరావు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ముందు కోకో చేదు తగిలింది, అది కరుగుతుండగా వేయించిన నువ్వుల కమ్మదనం వచ్చింది, దాని వెనక కరివేపాకు, ఎక్కడో కల్లుప్పు పలుకు ఒకటి చిటుక్కుమంది, అంతా అయిపోయిందనుకున్నాక ఎండుమిర్చి గొంతులో వెచ్చగా కూర్చుంది. కష్టాన్ని దాచుకోవడంలో ఆయనకి ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం ఉంది. సంతోషాన్ని దాచుకునే అవసరం ఆ ఆఫీసులో ఆయనకి ఏనాడూ రాలేదు. ఎలా దాచాలో తెలియలేదు.

"అమ్మా," అన్నాడు, "ఇంకో ముక్క ఉందా?"

మూడు కెమెరాలూ ఆయన మొహం మీదికి జరిగాయి.

"ఆయ్, ఉందండి బాబూ, బోల్డుంది!" అంది మంగతాయారు, సంచి మొత్తం బల్ల మీద బోర్లిస్తూ.

"భీమేశ్వరరావ్!" అని కేకేశారు డైరెక్టర్ గారు. "మీరేం చేస్తున్నారో మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్. చాలా బాగా తెలుస్తోంది" అని భీమేశ్వరరావు రెండో ముక్క నోట్లో వేసుకుని, దాన్నీ తొందరపడకుండా తిన్నాడు.

బదిలీ ఉత్తర్వు అక్కడే చేతికిచ్చారు. నాలుగు రోజుల్లో సామాను సర్దుకున్నారు. తన మోకాళ్ళని తలుచుకుని సత్యవేణి గొణుగుతుందని భయపడ్డాడాయన. "బెంగపడకండి, అక్కడ మంచి అల్లం దొరుకుతుందట" అంది ఆవిడ.

మంగతాయారుకి ముద్ర రాలేదు. బదులుగా తిరస్కరణ పత్రం వచ్చింది. కిటికీ దగ్గర అది తీసుకుని కూడబలుక్కుని చదివింది. "సదరు చాక్లెట్టును రుచి చూసిన ముఖ్య రుచి పరిశీలకుడు విధి నిర్వహణలో నిగ్రహము కోల్పోయి, బహిరంగముగా రెండవ ముక్క కోరినందున, ఈ ఉత్పత్తి నిష్పాక్షికతకు భంగకరమని నిర్ధారించి, ముద్ర నిరాకరించడమైనది." కింద డైరెక్టర్ గారి సంతకం, మండలి గుండ్రటి స్టాంపు.

"ఇది మీరే రాశారాండి?" అని అడిగింది రామభద్రాన్ని.

"మేమే. అక్షరం మారదు."

"మారకూడదండి బాబూ, మారితే మళ్ళీ నాకు ఇబ్బంది" అని ఆవిడ కాగితం మడిచి జాకెట్లో దోపుకుని గబగబా వెళ్ళిపోయింది.

మేళాలో దుకాణం ఇవ్వలేదు కాబట్టి గేటు బయట స్కూటీ మీద పెట్టుకుని అమ్మింది. ప్రతి చాక్లెట్టు రేపర్ మీదా ఆ తిరస్కరణ పత్రం, స్టాంపుతో సహా, అచ్చు వేయించింది. మొదటి పూట నలుగురు చదివి నవ్వుకుని కొన్నారు. రెండో పూటకి వరస గేటు దాటి రోడ్డెక్కింది. లోపల ముద్రలున్న ఇంగువ చాక్లెట్టు వాళ్ళు ఈగలు తోలుకుంటూ బయటికొచ్చి ఆ వరస చూసి, వరసలో నిలబడి ఓ ముక్క కొనుక్కుని తిని, మళ్ళీ తమ ఈగల దగ్గరికి వెళ్ళిపోయారు.

పదిహేను రోజుల్లో మండలికి అరవై మూడు దరఖాస్తులు వచ్చాయి. అన్నింటిలోనూ ఒకటే కోరిక, మా చాక్లెట్టుని కూడా దయచేసి తిరస్కరించండి. డైరెక్టర్ గారికి చెమటలు పట్టాయి. అడిగినవాళ్ళందర్నీ తిరస్కరిస్తే తిరస్కరణకి విలువ ఏముంటుంది? ఎవరు అర్హులో నిష్పాక్షికంగా తేల్చాలి. అది తేల్చాలంటే రెండో ముక్క అడగాలనిపించేది ఏదో, అనిపించనిది ఏదో తెలిసిన మనిషి కావాలి. మండలి మొత్తం వెతికారు. రుచి తెలియదని ధ్రువపత్రం ఇవ్వని మనిషి ఒక్కరూ దొరకలేదు. పోటీ పడి మరీ సంపాదించుకున్న పత్రాలాయె.

చింతపల్లిలో మధ్యాహ్నం ఒంటిగంట అయింది. గోదాము పక్క క్వార్టరులో భీమేశ్వరరావు చారన్నం తింటుండగా ఫోను మోగింది. సత్యవేణి స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"భీమేశ్వరరావు గారూ, నేను, పరంజ్యోతిని. వెంటనే బయల్దేరి రావాలి. మీకు రుచి తెలుస్తుందని డాక్టరు ధ్రువపత్రం ఒక్కటి జతపరిస్తే, సంఘం అధ్యక్షత మీకే. వింటున్నారా? ఇది అత్యవసరం."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక డైరెక్టరు పిలిస్తే భీమేశ్వరరావు నోట్లో ముద్ద ఉమ్మేసి లేచి నిలబడని రోజు లేదు. ఇప్పుడు ఆయన నోట్లో ముద్దని నమిలి, మింగి, మంచినీళ్ళు తాగాడు.

"భోంచేస్తున్నానండీ. అయ్యాక మాట్లాడతాను" అని ఫోను పెట్టేసి, సత్యవేణి వైపు గిన్నె జరిపాడు. "ఇంకో గరిటె పొయ్యవే."